ఏం లేదు, ఊరికే చేశాను

మేడమీది ఇల్లు,
వీధి వైపు గది.

వాగుడుకాయకి,

ఏం లేదు, ఊరికే రాస్తున్నాను.

నీకు పోలీసు కంట్రోల్ రూములో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దమ్మ ఎత్తింది. చెప్పాల్సిందంతా తనే చెప్పి, అడగాల్సిందంతా తనే అడిగి, చివర్లో ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. నేను "ఊఁ" అన్నాను. మీ నాన్న "సరే అన్నయ్యా" అన్నాడు. అంతే. తమ్ముడి కూతురికి ఉద్యోగం వస్తే పెదనాన్న ఊఁ అని ఊరుకున్నాడంటే బాగుండదు కదా. అందుకే ఈ ఉత్తరం. నాకు ఫోన్లో మాట పెగలదు. కాగితం మీదైతే కాస్త నయం.

మీ ఆఫీసు గేటు మీద ఉన్న బోర్డు నేను రాసిందే. చేతిలో కుంచె ఉన్న రోజుల్లో రాశాను. రాసి నిచ్చెన దిగితే, లోపలికి రండి, టీ తాగి వెళ్దురుగాని అన్నారు. పనుందని చెప్పి వచ్చేశాను. పనేం లేదు. అప్పటి నుంచీ లోపల ఎలా ఉంటుందా అని మనసులో ఉండిపోయింది. నువ్వు రాయి. గోడలు ఏ రంగో కూడా రాయి.

మీ పెద్దమ్మ నిన్ను అన్నం సరిగ్గా తినమంది. ఇంకా చాలా చెప్పింది. కాగితం చాలదు.

పెదనాన్న

*

కంట్రోల్ రూమ్,
క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల.

పెదనాన్నకి,

గోడలు ఏ రంగో నాకే తెలియదు. గోడలు కనిపిస్తే కదా. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెరలే. ఊళ్ళో ప్రతి కూడలీ ఒక్కో గడిలో కనిపిస్తుంది. నిన్న ఒక గడిలో మన వీధి మలుపు, కింది స్టవ్వుల షాపు, దాని పైన నువ్వు ఆరేసిన తుండుగుడ్డ కనిపించాయి. నాకు నవ్వాగలేదు. పక్కసీటు అక్క ఏమైందని అడిగితే, అది మా పెదనాన్న తుండు అన్నాను. ఇంకెక్కడైనా ఆరేయమను, సాక్ష్యంగా రికార్డవుతోంది అంది.

లోపలికి వెళ్ళేముందు ఫోన్ లాకర్లో పెట్టేయాలి. పెన్ను మాత్రం ఉంచుకోనిస్తారు. అందుకే భోజనాల వేళ నీకు రాస్తున్నాను. నీకూ ఇదే సుఖం కదా.

అసలు సంగతి విను. ఇక్కడికి కొత్త యంత్రం ఒకటి వచ్చింది. మేమందరం దాన్ని పెద్దచెవి అంటాం. గాలివాన వచ్చినప్పుడో, పెద్ద ప్రమాదం జరిగినప్పుడో ఆపద నంబరుకి ఫోన్లు ఒక్కసారిగా ముసురుకుంటాయి. ఎత్తడానికి మనుషులు చాలరు. ఇన్నాళ్ళూ ముందు చేసినవాళ్ళకి ముందు పలికేవాళ్ళం. పక్కింటి కుక్క మొరుగుతోందని చెప్పే ఆయన ముందుంటే, నీళ్ళలో చిక్కుకున్నావిడ ఆయన వెనకాల ఆగాల్సిందే. ఇది పని మొదలుపెడితే అలా కాదు. పెద్దచెవి అందరి మొదటి మాటలూ ఒకేసారి వింటుంది. ప్రాణం మీదికొస్తే ఎరుపు, తొందరగా చూడాలంటే పసుపు, ఊరికే చేసిందైతే తెలుపు. అలా రంగులేసి వరస మారుస్తుంది. ఆ తర్వాత మాట్లాడేది మనుషులమే. దాన్ని చూస్తుంటే నాకు నిద్ర కూడా అక్కర్లేదనిపిస్తోంది.

కానీ దానికింకా మన మాట పూర్తిగా రాదు. కుర్రవాళ్ళ గొంతులతో నేర్పించారు. పెద్దవాళ్ళ గొంతులు కావాలి. నేను నీ పేరిచ్చేశాను. తిట్టకు. కవర్లో చీటీలు పెట్టాను. ఒకదాంట్లో దొంగ గోడ దూకాడని ఉంటుంది, ఒకదాంట్లో స్నానాల గదిలో జారిపడ్డారని ఉంటుంది. చీటీ చదువుకుని, నిజంగా జరిగినట్టే అనుకుని, కింద రాసిన ప్రాక్టీసు నంబరుకి ఫోన్ చెయ్యి. అవతల మనుషులుండరు. యంత్రమే. సిగ్గుపడాల్సిన పనే లేదు.

నీ వాగుడుకాయ

*

మేడమీది ఇల్లు,
వంటగది.

వాగుడుకాయకి,

ఏం లేదు, నీ చీటీల పని అయిందని చెప్దామని.

తిట్టను గానీ, నీ ఉత్తరం చూసి నాకు చెమటలు పట్టాయి. యంత్రమైతే మాత్రం, అదీ వింటుంది కదా. మీ పెద్దమ్మని వంటగదిలోంచి పంపించి తలుపు వేసుకున్నాను. తను బయట నిలబడి అంతా విన్నది. దొంగ చీటీకి నేను ఫోన్ పెట్టేయగానే లోపలికి వచ్చి, "ఆ దొంగకి కాఫీ కూడా ఇస్తానన్నావా?" అని అడిగింది. తను చేస్తానంది. వద్దన్నాను. నువ్వడిగింది నన్ను.

నిజం చెప్పాలంటే రెండో చీటీ నుంచి బాగుంది. ఎంత తడబడినా యంత్రం విసుక్కోదు. తర్వాత్తర్వాత నేనే ఎదురుచూశాను. చీటీలు అయిపోయాయి. ఉంటే ఇంకొన్ని పంపు.

తుండుగుడ్డ వెనక వైపుకి మార్చాను.

మెట్ల కింద ఒక్కోరోజు ఏదో వాసన వస్తోంది. మీ పెద్దమ్మకి తెలియడం లేదు. నా ముక్కుకి పని లేక అంటోంది. అయ్యుండచ్చు.

పెదనాన్న

*

కంట్రోల్ రూమ్,
అదే బల్ల.

పెదనాన్నకి,

నవ్వాలో ఏడవాలో తెలియక రాస్తున్నాను. నువ్వు చేసిన ఫోన్లన్నీ, ఒక్కటీ మిగలకుండా అన్నీ, పెద్దచెవి తెల్లరంగులో వేసేసింది. అంటే ఊరికే చేసినవట. ఇల్లు తగలబడుతోందన్నది కూడా.

ఎందుకా అని కూర్చుని విన్నాను. నీ మాటలే నీకు రాస్తాను చూడు. "ఏం లేదమ్మా. ఊరికే చేశాను. మా వంటింట్లో కొంచెం మంట అంటుకుంది. మీకు వీలైతేనే." ఏం లేదని నువ్వే చెప్తుంటే అదేం చేస్తుంది పాపం. సరే ఏం లేదు కదా అని పక్కన పెట్టింది.

యంత్రం పనులు చూసే ఇంజనీరు పగలబడి నవ్వాడు. మంచివాడే గానీ నోటికి అడ్డూ అదుపూ ఉండదు. మీ పెదనాన్నకి నటన రాదు, ఈ రికార్డులు చెత్త, తీసేద్దాం అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అది నటన రాకపోవడం కాదు, మా ఇంట్లో పెద్దవాళ్ళు నిజంగా అలాగే మాట్లాడతారు అన్నాను. నిజంగా ఇల్లు కాలుతుంటే ఎవరైనా ఏం లేదంటారా అని అతను. అంటారు అని నేను. గొడవ పెద్ద మేడమ్ దాకా వెళ్ళింది. ఇక్కడ అందరికీ పై అధికారి ఆవిడే. ఇద్దరి మాటా విని, "అంటారని నిరూపించు. యంత్రం పని మొదలుపెట్టే రోజులోపల," అంది నాతో.

పాత ఫోన్ల రికార్డులన్నీ దాచి ఉంచుతారు. రేపటి నుంచి అవి వింటాను. ఓడిపోతే నీ గొంతుతో పాటు ఇంకెందరి గొంతులో తెల్లరంగులోనే ఉండిపోతాయి. పెదనాన్నా, ఒక్కటి చెప్పు. నువ్వు ఏం లేదు అని ఎందుకంటావు?

నీ వాగుడుకాయ

*

మేడమీది ఇల్లు,
వీధి వైపు గది.

వాగుడుకాయకి,

నీకు మాట వచ్చేలా చేశాను. చీటీలు పాడుచేశాను. ఏమనుకోకు.

ఎందుకంటానని అడిగావు. రెండు రోజులు ఆలోచించాను. అవతలి మనిషి ఏదో పనిలో ఉంటాడు. తలుపు తట్టి ఒక్కసారిగా కష్టం మీద పడేస్తే ఉలిక్కిపడతాడు. ముందు ఏం లేదంటే కాస్త కుదురుకుంటాడు. ఆ తర్వాత చెప్పుకోవచ్చు. అంతకుమించి నాకు తెలియదు. మీ పెద్దమ్మని అడిగాను. "నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి వచ్చిన రోజు కూడా ఇదే మాటతో మొదలుపెట్టాడని రాయి," అంది. రాశాను.

ఇంజనీరుతో పోట్లాడకు. నవ్వే పిల్లాడు చెడ్డవాడు కాడు.

ఇక్కడ ఏం లేదు. కింద స్టవ్వులు బాగుచేసే తమ్ముడు ఈమధ్య వెనక గదిలో ఏదో కొత్త పని మొదలుపెట్టాడు. చిన్న సిలిండర్లు చాలా వస్తున్నాయి, పోతున్నాయి. పని చేసేటప్పుడు షట్టరు దించుకుంటాడు. వాసన అక్కడిదేనేమో. అడుగుదామని రెండుసార్లు దిగాను. అడగలేక బాగున్నావా అని వచ్చేశాను. మన సిలిండరు మోసుకొచ్చి పైన పెట్టేది అతనే. బాబాయ్ బాబాయ్ అంటాడు. ఏమని అడుగుతాం.

కిటికీ తీసి పెట్టుకుంటున్నాను. ఏం లేదులే.

పెదనాన్న

*

కంట్రోల్ రూమ్,
వరండా.

పెదనాన్నకి,

గెలిచాను. కూర్చుని రాయలేక గోడకి కాగితం ఆనించి నిలబడే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

పాత ఫోన్లు విన్నాను పెదనాన్నా. చెవులు వాచిపోయేలా విన్నాను. నీలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో. ఒక ముసలావిడ, ఏం లేదు బాబూ, మా ఆయన లేవట్లేదు అంది. ఒకాయన, మీరు బిజీగా ఉంటే తర్వాత చేస్తాలెండి అన్నాడు, అప్పటికే వాళ్ళింట్లోకి వరదనీళ్ళు వచ్చేశాయి. ఒక్కొక్కటీ తెచ్చి ఇంజనీరు బల్ల మీద పెట్టాను. మొదట నవ్వాడు. తర్వాత నవ్వలేదు. ఆ తర్వాత కుర్చీ నా పక్కకి లాక్కుని తనే వినడం మొదలుపెట్టాడు. మా అమ్మమ్మ కూడా ఇలాగే అంటుంది, ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు అన్నాడు.

ఇప్పుడు పెద్దచెవి ఒక్క మాటల్నే నమ్మదు. ఏం లేదు అన్న తర్వాత గొంతు ఆగిందా, ఊపిరి వేగంగా ఆడిందా, మీకు వీలైతేనే అన్నారా, అవన్నీ చూస్తుంది. నీ రికార్డులు మళ్ళీ పెట్టాం. ఇల్లు కాలిన ఫోను ఎర్రగా వెలిగింది. గదంతా చప్పట్లు కొట్టారు. పెద్ద మేడమ్ నవ్వడం ఇవాళే చూశాను. పై వారం నుంచి అసలు లైన్లకి కలుపుతారు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. నీ దగ్గరున్నది ప్రాక్టీసు నంబరు. అది పోలీసులకి వెళ్ళదు. మూల బల్ల మీదున్న చిన్న తెరకి వస్తుంది, అంతే. నిజంగా అవసరమైతే అందరూ చేసే ఆపద నంబరుకే చెయ్యాలి.

వాసన సంగతి అంటావా, నీకు జలుబు చేసి ఉంటుంది. పెద్దమ్మ మాట విను. కొత్త చీటీలు పంపిస్తాలే.

నీ వాగుడుకాయ

*

కంట్రోల్ రూమ్,
మెట్ల మీద.

పెదనాన్నకి,

నువ్వు క్షేమమని కళ్ళారా చూశాను కాబట్టి రాయగలుగుతున్నాను.

ముందు నన్ను నేను తిట్టుకోనీ. ఊళ్ళోవాళ్ళ ఏం లేదులన్నీ ఏరుకుంటూ కూర్చున్నాను. నా చేతికొచ్చిన ఉత్తరంలో నువ్వు రాసినవి మాత్రం నాకు కనపడలేదు. నీకు జలుబన్నాను.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూర్చున్నాం. మూల బల్ల మీద ప్రాక్టీసు తెర ఎర్రగా వెలిగింది. ఇంజనీరు చూసి, "మీ పెదనాన్న నటన నేర్చేశారండీ, ఈసారి ఒక్క దెబ్బకి ఎరుపు కొట్టారు," అన్నాడు. నేనూ నవ్వుతూనే వెళ్ళి విన్నాను.

"ఏం లేదమ్మా. ఊరికే చేశాను. మెట్ల కింద వాసన... కొంచెం ఎక్కువగా ఉంది. కింద తమ్ముడు షట్టరు దించుకుని లోపలున్నాడు. పిలిస్తే పలకడం లేదు. మీకు వీలైతేనే. ఏమనుకోకండి."

నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది. నేను పంపిన చీటీల్లో దొంగ ఉన్నాడు, మంట ఉంది, జారిపడడం ఉంది. గ్యాసు లేదు పెదనాన్నా. నేను నీకు గ్యాసు చీటీ పంపలేదు.

ఆ మాటే గట్టిగా అన్నాననుకుంటాను. గదిలో అన్ని తలలూ ఇటు తిరిగాయి. పెద్ద మేడమ్ ఏమీ అడగలేదు, అడ్రసు అంది. చెప్పాను. ఆ తర్వాత చూడాలి. మ్యాపు మీద మన వీధి వెలిగింది. దగ్గర్లో తిరుగుతున్న పోలీసు బండి చుక్క అటు మళ్ళింది. ఫైరింజను కదిలింది. దాని ముందు సిగ్నళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పచ్చగా మారుతూ పోయాయి, తలుపులు తెరుచుకుంటున్నట్టు. ఆ వీధికి కరెంటు ఆపించారు. మలుపులో కెమెరాకి దాని బ్యాటరీ ఉందట, అది మాత్రం చూస్తూనే ఉంది. నేనూ.

పెద్దమ్మ కనిపించింది. చేతిసంచీ పట్టుకుని వీధి అవతల నిలబడి, కానిస్టేబుల్‌కి ఏదో చెప్తోంది. ఆయనకి అవకాశమే ఇవ్వడం లేదు. పై అంతస్తువాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దిగి వచ్చారు. ఫైర్ వాళ్ళు వెనక వైపు నుంచి వెళ్ళి షాపతన్ని ఎత్తుకొచ్చారు. నువ్వు మాత్రం లేవు.

ఆ గడిని తప్ప దేన్నీ చూడలేదు నేను. ఆఖర్న నువ్వు వచ్చావు. భుజం మీద ఎవరిదో పసిపాప. పాపకి ఎండ తగలకుండా నీ తుండుగుడ్డ కప్పావు. ఇంజనీరు నాకు నీళ్ళ గ్లాసు ఇచ్చి, తనే తాగేశాడు.

మనసు కుదుటపడ్డాక అడుగుతున్నాను. చెప్పాను కదా, రాశాను కదా. ప్రాక్టీసు నంబరుకి ఎందుకు చేశావు?

నీ వాగుడుకాయ

*

మేడమీది ఇల్లు,
వీధి వైపు గది. అన్ని కిటికీలూ తెరిచి.

వాగుడుకాయకి,

నువ్వు రాసింది గుర్తుంది. అసలు నంబరు మీ పెద్దమ్మ ఫోన్లో నొక్కాను కూడా. అవతల మోగకముందే పెట్టేశాను. ఎవరో తెలియనివాళ్ళు ఎత్తుతారు. వాసన నిజమో కాదో. మీ పెద్దమ్మకి తెలియడం లేదు. తీరా వాళ్ళొచ్చాక ఏమీ లేకపోతే ఏం ముఖం పెట్టుకుంటాను. ఒకవేళ ఉంటే ఆ అబ్బాయి మీద కేసవుతుంది. ఇవన్నీ ఒకేసారి వచ్చాయి. ప్రాక్టీసు నంబరైతే నాకు చనువుంది. ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం. అది విసుక్కోదు. పైగా అది మోగేది నీ గదిలో.

ఫోన్ పెట్టేశాక, ఇది పోలీసులకి వెళ్ళదన్నావే అని తట్టింది. ఇంకెవరూ రారు, నేనే వెళ్ళాలి అనుకున్నాను. పైకెక్కి ఒక్కో ఇంటి తలుపూ తట్టాను. ఏం లేదు, కొంచెం కిందికి వస్తారా అన్నాను. నేను ఎప్పుడూ ఎవరి తలుపూ తట్టినవాణ్ణి కాదు. అందుకేనేమో, ఎవరూ ఎందుకని అడగలేదు. నా ముఖం చూసి చెప్పులు కూడా వేసుకోకుండా దిగారు. ఒక తల్లి పాపని నా చేతికిచ్చింది, పెద్దవాణ్ణి తను పట్టుకుంది.

కిందికి దిగేసరికి నీ బండ్లు వచ్చి ఉన్నాయి. ఆ ఎరుపూ నీలం దీపాలు చూస్తే నాకు పండగలా అనిపించింది. అనకూడదేమో.

ఫైర్ ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. కాలింగ్ బెల్ నొక్కకుండా తలుపు తట్టడం చాలా మంచిపని, చిన్న నిప్పురవ్వ చాలు అన్నాడు. మంచిపని అని నాకు తెలియదు. బెల్ నొక్కాలంటే నాకు మొదటినుంచీ మొహమాటం.

షాపు తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చాడు. పెద్ద సిలిండరు నుంచి చిన్నవాటికి గ్యాసు పడుతున్నాడట. అలా ఇళ్ళ మధ్య చెయ్యకూడదట. షాపుకి సీలు వేశారు, కేసు పెట్టారు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నాకు అన్నం సహించలేదు. ఈ ఉదయం మన సిలిండరు వచ్చింది. కిందే ఉంది. ఎలా మొయ్యాలా అని చూస్తుంటే, అతనే వచ్చి భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. పొయ్యికి బిగించాడు. సబ్బునీళ్ళు పెట్టి చూశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "బాబాయ్, నువ్వు పిలవడం నాకు వినపడింది. లేవలేకపోయాను," అన్నాడు.

అంతే. ఇక రాయలేను.

పెదనాన్న

*

కంట్రోల్ రూమ్,
పెద్ద మేడమ్ గది బయట బెంచీ.

పెదనాన్నకి,

మూడు సంగతులు. ప్రాక్టీసు తెర ఎర్రగా వెలిగితే ఇకనుంచి అసలు బల్లకి కూడా వెళ్ళాలని మేడమ్ ఆర్డరు వేసింది. చనువున్న నంబరుకే చేసేవాళ్ళు ఇంకా ఉంటారంది. రెండోది, పెద్దచెవి ఎవరినైనా వరసలో ఆపినప్పుడు ఒక మాట అంటుంది. దయచేసి వేచి ఉండండి అని ఉండేది. మార్చాం. "ఫర్వాలేదు, చెప్పండి, వింటున్నాను." ఇంజనీరుదే ఆలోచన. వాళ్ళ అమ్మమ్మ గొంతు కూడా చేర్చాడు.

మూడోది. మా గదికి ఒక బోర్డు కావాలి. పలక మీద, కుంచెతో, నీ చేత్తో. ఏం రాయాలో కూడా నిన్నే ఆలోచించమంది మేడమ్. తీసుకుని నువ్వే రావాలి. ఈసారి టీ తాగకుండా వెళ్ళనివ్వరు.

నీ వాగుడుకాయ

*

మేడమీది ఇల్లు,
మెట్ల మీద. ఇక్కడ వెలుతురు బాగుంది.

వాగుడుకాయకి,

బోర్డు అయింది. కుంచె పట్టుకుంటే చెయ్యి వణుకుతుందనుకున్నాను. వణకలేదు. తెల్లరంగు పలక, ఎర్ర అక్షరాలు. కింది తమ్ముడు పలక పట్టుకున్నాడు. షాపు తెరవనిచ్చేదాకా ఖాళీ కదా. మీ పెద్దమ్మ ఇంకో నాలుగు వాక్యాలు చెప్పింది. చోటు లేదన్నాను. ఇదొక్కటే రాశాను:

ఏం లేదన్నవాళ్ళని ముందు వినండి.

సోమవారం తీసుకొస్తాను. గేటు దాకా కాదు, లోపలికే. గోడల రంగు నేనే చూసుకుంటాను.

ఇందాక ప్రాక్టీసు నంబరుకి చేశాను. యంత్రం కొత్త మాట ఎలా అంటుందో విందామని. అలవాటుకొద్దీ ఏం లేదు, ఊరికే చేశాను అనేశాను. మీ పోలీసు బండి ఇంకా కిందే ఉంది. మీ పెద్దమ్మ వాళ్ళకి టీ ఇస్తోంది, వాళ్ళని వెళ్ళనివ్వడం లేదు. వాళ్ళ చేతికే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. మేడమ్‌కి చెప్పు. ఈసారి నిజంగానే ఏం లేదు.

పెదనాన్న